వైఫై కాలింగ్: సిగ్నల్ లేని ఇంట్లోనూ ఫోన్ మాట్లాడొచ్చు.. అత్వెల్లి రేకుల షెడ్డు నుంచి గల్ఫ్ రూమ్ దాకా.. తెలుసుకోవాల్సిన విషయాలివే

అత్వెల్లి. మేడ్చల్‌ను ఆనుకుని, 44వ నంబర్ జాతీయ రహదారి పక్కనుండే ఊరు. ఈ బెల్ట్‌లో హైవే మీద నిలబడితే ఫోన్‌లో ఫుల్ పాయింట్లు. అదే లోపలికి, ఏ రేకుల షెడ్డులోకో, మూడంతస్తుల బిల్డింగ్‌లో కింది పోర్షన్‌లోకో వెళ్లారనుకోండి.. "హలో.. హలో.. వినిపిస్తుందా?" మొదలవుతుంది. ఫోన్ పట్టుకుని గేటు బయటికి రావడం, మిద్దె ఎక్కడం, కిటికీ పక్కన ఒంటికాలి మీద నిలబడటం.. ఇవన్నీ సిటీ శివార్లలో ఉండేవాళ్లకు అలవాటైపోయిన పనులే. విచిత్రం ఏంటంటే అదే ఇంట్లో వైఫై ఉంటుంది. పిల్లలు యూట్యూబ్ చూస్తుంటారు. టీవీలో ఓటీటీ నడుస్తుంటుంది. ఫోన్ కాల్ మాత్రం రాదు!

మరి ఆ వైఫై మీదే మామూలు ఫోన్ కాల్ మాట్లాడుకోలేమా? మాట్లాడుకోవచ్చు. దానికోసం కొత్త యాప్ అక్కర్లేదు, కొత్త నంబర్ అక్కర్లేదు, ఎక్స్‌ట్రా రీఛార్జ్ కూడా అక్కర్లేదు. చాలామంది ఫోన్లలో ఆ ఆప్షన్ కొన్నేళ్లుగా ఉంది. ఆన్ చేసినవాళ్లే తక్కువ. దాని పేరే వైఫై కాలింగ్. టెక్నికల్‌గా "వాయిస్ ఓవర్ వైఫై", షార్ట్‌గా వో-వైఫై అంటారు.

టవర్ కనిపిస్తోంది.. సిగ్నల్ ఎందుకు రాదు?

ముందు ఈ డౌట్ తీర్చుకుందాం. సెల్ టవర్ నుంచి వచ్చేది రేడియో తరంగం. గాలిలో బాగానే వస్తుంది. ఇనుప రేకు తగిలితే చాలావరకు వెనక్కి తిరిగిపోతుంది. అందుకే నాలుగు వైపులా, పైనా రేకులున్న షెడ్డు ఫోన్‌కు ఒక ఇనప్పెట్టె లాంటిది. ఆర్‌సీసీ స్లాబులో ఇనుప చువ్వలు ఉంటాయి, వాటిని దాటి వచ్చేసరికి సిగ్నల్ నీరసపడుతుంది. ఇక సెల్లార్ సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఇంకో పాయింట్ ఉంది. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ గోడల్లోంచి దూరే శక్తి తగ్గుతుంది. 700 మెగాహెర్ట్జ్ లాంటి తక్కువ బ్యాండ్ ఇంట్లోకి బాగా చొచ్చుకొస్తుంది. 5జీలో ఎక్కువగా వాడే 3.5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో స్పీడ్ అదిరిపోతుంది కానీ గోడ అడ్డొస్తే డీలా పడుతుంది. 'మాది 5జీ ఫోన్, అయినా ఇంట్లో సిగ్నల్ లేదు' అనేవాళ్లకు సగం సమాధానం ఇదే.

ఇక్కడో హెచ్చరిక. సిగ్నల్ లేదని విసిగిపోయి కొందరు ఆన్‌లైన్‌లోనో, ఎలక్ట్రానిక్స్ మార్కెట్‌లోనో "మొబైల్ సిగ్నల్ బూస్టర్" డబ్బా కొని పెట్టేస్తున్నారు. అనుమతి లేకుండా ఈ బూస్టర్లు అమ్మడం, కొనడం, బిగించడం మన దేశంలో నేరం. చట్టం సంగతి అటుంచినా, ఆ డబ్బా మీ ఇంటికి సిగ్నల్ తెచ్చే క్రమంలో టవర్‌కు గోలగోలగా నాయిస్ పంపుతుంది. దాంతో మీ కాలనీలో మిగతావాళ్ల కాల్స్ కూడా పాడవుతాయి. వైఫై కాలింగ్ ఉండగా వేలకు వేలు పోసి ఆ తలనొప్పి కొనుక్కోవడం దేనికో అర్థం కాదు.

వాట్సాప్ కాల్‌కీ దీనికీ తేడా ఏంటి?

అందరూ అడిగే ప్రశ్న ఇదే. రెండూ ఇంటర్నెట్ మీదే వెళ్తాయి కదా, మరి వాట్సాప్ చాలదా అని. వాట్సాప్ కాల్ వెళ్లాలంటే అవతలివాళ్ల దగ్గరా వాట్సాప్ ఉండాలి, నెట్ ఆన్‌లో ఉండాలి. ఊళ్లో అమ్మమ్మ దగ్గర బటన్ల ఫోన్ ఉంటే కుదరదు. బ్యాంకు కస్టమర్ కేర్‌కో, గ్యాస్ ఏజెన్సీ ల్యాండ్‌లైన్‌కో కుదరదు. వైఫై కాలింగ్‌లో మీ వైపు మాత్రమే వైఫై ఉంటే సరిపోతుంది. మీరు మామూలుగానే డయల్ చేస్తారు, అవతలివాళ్లకు మీ 10 అంకెల నంబరే కనిపిస్తుంది, వాళ్లు ఏ ఫోన్‌లో ఎత్తినా మాట్లాడొచ్చు. మీరు వైఫై మీద మాట్లాడుతున్నారన్న సంగతే వాళ్లకు తెలీదు. ఇన్‌కమింగ్ కూడా అంతే. ఫోన్‌లో సిగ్నల్ గీత ఒక్కటీ లేకున్నా మీ నంబర్‌కు రింగ్ వస్తుంది.

డబ్బుల లెక్క కూడా సింపుల్. మీ ప్లాన్‌లో అన్‌లిమిటెడ్ కాల్స్ ఉంటే ఇవి కూడా అందులోకే వస్తాయి. డేటా మాత్రం మీ బ్రాడ్‌బ్యాండ్‌ది ఖర్చవుతుంది, అదీ చాలా కొద్దిగా. ఎయిర్‌టెల్ ఈ సర్వీస్ మొదలుపెట్టినప్పుడు 5 నిమిషాల కాల్‌కు 5 ఎంబీ కూడా అవ్వదని చెప్పింది. ఆ లెక్కన గంట మాట్లాడినా 60 ఎంబీ లోపే. రాత్రి పడుకునే ముందు నాలుగు రీల్స్ చూస్తే అంతకంటే ఎక్కువే పోతుంది!

తెర వెనక ఏం జరుగుతుంది?

మీరు వైఫై కాలింగ్ ఆన్ చేయగానే ఫోన్ ఒక పని చేస్తుంది. మీ ఇంటి రూటర్ ద్వారా, ఇంటర్నెట్ మీదుగా, మీ సిమ్ కంపెనీ పెట్టిన ఒక గేటు దగ్గరికి వెళ్తుంది. ఆ గేటును ఇంజినీర్ల భాషలో ఈపీడీజీ అంటారు. గేటు దగ్గర కంపెనీ అడుగుతుంది.. నువ్వెవరు? ఫోన్ తన సిమ్‌లో దాచిన రహస్య కీతో జవాబు చెబుతుంది. టవర్ దగ్గర జరిగే వెరిఫికేషనే ఇక్కడా జరుగుతుంది, దారి మాత్రమే వేరు. జవాబు సరిపోతే ఫోన్‌కూ కంపెనీకీ మధ్య ఎన్‌క్రిప్షన్ చేసిన ఒక సొరంగం ఏర్పడుతుంది. ఐపీసెక్ టన్నెల్ అంటారు దీన్ని. మీ మాటలు ఆ సొరంగంలోంచే వెళ్తాయి కాబట్టి మధ్యలో మీ రూటర్‌కు గానీ, కేబుల్ నెట్ ఇచ్చినతనికి గానీ అవి వినపడవు. పక్కింటివాళ్ల వైఫై వాడినా అంతే.

గేటు దాటాక కాల్‌ను నడిపించేది వోల్టీ కాల్స్‌ను నడిపించే ఐఎంఎస్ అనే వ్యవస్థే. అందుకే ఒక సౌకర్యం వచ్చింది. ఇంట్లో వైఫై మీద మాట్లాడుతూ బండి తీసి రోడ్డు మీదికి వస్తే, కాల్ కట్ అవ్వకుండా 4జీ వోల్టీకి మారిపోతుంది. తిరిగి ఇంటికొస్తే మళ్లీ వైఫైకి. అయితే బయట 4జీ లేకుండా 2జీ మాత్రమే ఉన్న చోట ఈ మార్పు సాఫీగా జరగదు, కాల్ తెగిపోతుంది.

మాట ఎలా వెళ్తుందో కూడా ఒక్క ముక్కలో చూద్దాం. మీ గొంతును ఫోన్ 20 మిల్లీసెకండ్లకు ఒక ముక్క చొప్పున కోసి ప్యాకెట్లు చేస్తుంది. అంటే సెకనుకు 50 ప్యాకెట్లు. వీడియో అయితే ముందే కొంత లోడ్ చేసి పెట్టుకోవచ్చు, గుండ్రం తిరిగినా రెండు సెకన్లు ఆగుతాం. మాటకు ఆ అవకాశం లేదు. మీరు అన్నది అవతలివాళ్లకు 150 మిల్లీసెకండ్లలోపు చేరితేనే మామూలుగా మాట్లాడుకున్నట్టు ఉంటుందని అంతర్జాతీయ టెలికాం సంఘం ప్రమాణం చెబుతోంది. ఆలస్యం పెరిగేకొద్దీ ఇద్దరూ ఒకేసారి మాట్లాడటం, ఒకేసారి ఆగిపోవడం మొదలవుతుంది. అందుకే 100 ఎంబీపీఎస్ ప్లాన్ ఉన్నా వైఫై కాల్ చెత్తగా రావచ్చు, 10 ఎంబీపీఎస్ ప్లాన్‌లో గాజులా రావచ్చు. ఇక్కడ స్పీడ్ కంటే నిలకడ ముఖ్యం.

ఇండియాలో ఇంటర్నెట్ ఫోన్.. ఇంత లేటు ఎందుకు?

ఒకప్పుడు మన దేశంలో నెట్ మీద ఫోన్ మాట్లాడటమే అక్రమం. 2002 ఏప్రిల్ 1న ప్రభుత్వం తొలిసారి గేట్లు తెరిచింది. అదీ సగమే. కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కు మాట్లాడొచ్చు, కంప్యూటర్ నుంచి విదేశాల్లోని ఫోన్‌కు చేయొచ్చు. కానీ కంప్యూటర్ నుంచి మన దేశంలోని ఫోన్‌కు చేయకూడదు! అమెరికాలో ఉన్న కొడుకుతో మాట్లాడటానికి నెట్ సెంటర్‌లో హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చున్న తల్లిదండ్రులు అప్పట్లో ఎంతమందో. అక్కడి నుంచి అదే పద్ధతిలో పక్క జిల్లాకు ఫోన్ చేయాలంటే మాత్రం రూల్ ఒప్పుకోదు.

2015లో వాట్సాప్ కాలింగ్ వచ్చేసరికి జనం రూల్స్‌ను దాటి ముందుకు వెళ్లిపోయారు. 2016 సెప్టెంబర్ 5న జియో వచ్చింది. జియోకు 2జీ, 3జీ లేవు, ప్రతి కాల్ 4జీ డేటా మీద వెళ్లేదే. అంటే కోట్లమంది తమకు తెలియకుండానే ఇంటర్నెట్ పద్ధతిలో ఫోన్ మాట్లాడటం మొదలుపెట్టారు.

అసలు మలుపు 2017 అక్టోబర్ 24న ట్రాయ్ ఇచ్చిన సిఫార్సులు. టెలికాం లైసెన్స్ ఉన్న కంపెనీ తన కస్టమర్‌కు ఎవరి ఇంటర్నెట్ మీదనైనా కాల్ సర్వీస్ ఇవ్వొచ్చని, టవర్ వేరు, సర్వీస్ వేరు అని ట్రాయ్ తేల్చింది. 2018 జూన్‌లో టెలికాం శాఖ ఆ మేరకు లైసెన్స్ నిబంధనలు మార్చింది. అందరికంటే ముందు పరిగెత్తింది ఎవరో తెలుసా? బీఎస్ఎన్ఎల్! 2018 జూలైలో "వింగ్స్" పేరుతో యాప్ ప్రకటించింది. ఏడాదికి 1,099 రూపాయలు, సిమ్ అక్కర్లేదు, 10 అంకెల నంబర్ ఇస్తారు, ఎవరి వైఫై మీదనైనా దేశంలోని ఏ ఫోన్‌కైనా కాల్ చేయొచ్చు. ఐడియా బాగానే ఉంది. కానీ దానికి విడిగా యాప్, విడిగా నంబర్, విడిగా డబ్బు. ఉన్న నంబర్‌కే ఉచితంగా వస్తే ఇంకోటి ఎవరు కొంటారు?

ఆ ఉచితం ఏడాదిన్నరలోనే వచ్చింది. 2019 డిసెంబర్‌లో ఎయిర్‌టెల్ ముందు ఢిల్లీలో వైఫై కాలింగ్ మొదలుపెట్టి, అదే నెలలో మన ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌కూ తెచ్చింది. టెలికాం లెక్కల్లో తెలంగాణ కూడా ఆ సర్కిల్ కిందికే వస్తుంది. మొదట్లో ఎయిర్‌టెల్ సొంత బ్రాడ్‌బ్యాండ్ మీదే పనిచేసేది, ఫోన్ల లిస్టు కూడా చిన్నదే. తర్వాత వేరే కంపెనీల బ్రాడ్‌బ్యాండ్‌లకూ తెరిచారు. 2020 జనవరి 8న జియో ప్రకటన వచ్చింది.. ఏ వైఫై అయినా సరే, వాయిస్‌తో పాటు వీడియో కాల్ కూడా, 150కి పైగా ఫోన్ మోడళ్లలో. వొడాఫోన్ ఐడియా 2020 డిసెంబర్‌లో కొన్ని సర్కిళ్లతో మొదలుపెట్టింది. వింగ్స్‌తో అందరికంటే ముందున్న బీఎస్ఎన్ఎల్ మాత్రం మామూలు సిమ్‌లకు వైఫై కాలింగ్‌ను దేశమంతా అందించే ప్రకటన చేసేసరికి 2026 జనవరి 1 అయింది. పల్లెల్లో, టవర్ దూరంగా ఉన్న చోట్ల ఎక్కువ అవసరం ఉన్నది వాళ్ల కస్టమర్లకే.

ఆన్ చేయడం ఎలా?

శామ్‌సంగ్ ఫోన్ అయితే సెట్టింగ్స్‌లో కనెక్షన్స్‌లోకి వెళ్తే వైఫై కాలింగ్ కనిపిస్తుంది. షావోమీ, రెడ్‌మీ, పోకో ఫోన్లలో సిమ్ కార్డ్స్ అండ్ మొబైల్ నెట్‌వర్క్స్‌లోకి వెళ్లి, సిమ్ మీద నొక్కితే "మేక్ కాల్స్ యూజింగ్ వైఫై" అని ఉంటుంది. మిగతా ఆండ్రాయిడ్ ఫోన్లలో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, అందులో సిమ్స్. ఐఫోన్‌లో సెల్యులార్ లేదా మొబైల్ డేటా సెట్టింగ్స్‌లో ఉంటుంది. వెతకడం బద్ధకమైతే సెట్టింగ్స్ పైన సెర్చ్ బాక్స్‌లో వైఫై కాలింగ్ అని కొట్టేయండి, నేరుగా వచ్చేస్తుంది. రెండు సిమ్‌లుంటే రెండింటికీ విడివిడిగా ఆన్ చేయాలి. చాలామంది ఇక్కడే తప్పులో కాలేస్తారు. ఒకటి ఆన్ చేసి, ఇంకో నంబర్‌కు కాల్ రావట్లేదని రూటర్‌ను తిడుతుంటారు. అలాగే వోల్టీ కూడా ఆన్‌లోనే ఉంచండి.

నిజంగా పనిచేస్తుందో లేదో తెలుసుకోవడానికి ఒక చిన్న టెస్ట్ ఉంది. ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. తర్వాత వైఫై ఒక్కటే ఆన్ చేయండి. ఒక నిమిషం ఆగి ఇంట్లో ఇంకో ఫోన్‌కు మామూలు కాల్ చేయండి. వెళ్లిందంటే సెట్ అయినట్టే. స్క్రీన్ పైన ఫోన్ గుర్తు పక్కన వైఫై గీతలు కూడా వస్తాయి. వెళ్లకపోతే ఫోన్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసి మళ్లీ చూడండి. అప్పటికీ లేకపోతే మీ మోడల్‌ను మీ సిమ్ కంపెనీ ఇంకా లిస్టులో చేర్చలేదేమో కస్టమర్ కేర్‌లో అడగాలి. ఫోన్ కంపెనీ, సిమ్ కంపెనీ ఇద్దరూ ఒప్పుకుంటేనే ఈ ఆప్షన్ పనిచేస్తుంది మరి.

ఈ ఫ్లైట్ మోడ్ ట్రిక్ టెస్ట్‌కే కాదు, రోజూ కూడా పనికొస్తుంది. షెడ్డు లోపల అప్పుడప్పుడూ ఒక్క పాయింట్ సిగ్నల్ మినుకుమినుకుమంటుంటే ఫోన్ దాన్నే పట్టుకుని వేలాడుతుంది, వైఫైకి మారదు. కాల్ ఎత్తగానే కట్. ఫోన్‌లో "ప్రిఫర్ వైఫై" ఆప్షన్ ఉంటే అది పెట్టుకోండి. లేకపోతే ఫ్లైట్ మోడ్ ప్లస్ వైఫై. సిగ్నల్ కోసం ఫోన్ ఊరికే వెతుక్కోవడం ఆగుతుంది కాబట్టి బ్యాటరీ కూడా మిగులుతుంది.

వైఫై ఉంది.. అయినా మాట తెగుతోందా?

అయితే ముందు రూటర్ ఎక్కడుందో చూడండి. మన ఇళ్లలో కేబుల్ అతను ఎక్కడ వైరు తెస్తే అక్కడే రూటర్ బిగిస్తారు. ఎక్కువగా ముందు గదిలో, టీవీ వెనక. పడకగదిలో కూర్చుని మాట్లాడితే మధ్యలో రెండు గోడలు. రూటర్‌లో 2.4, 5 అని రెండు బ్యాండ్లుంటాయి. గోడలు ఎక్కువుంటే 2.4 దూరం వస్తుంది, కానీ పక్కిళ్ల రూటర్లన్నీ దాని మీదే ఉంటాయి కాబట్టి రద్దీ. అదే గదిలో ఉంటే 5 బెటర్.

రెండో దొంగ అప్‌లోడ్. ఇంట్లో ఎవరో ఫోన్ ఫొటోలన్నీ క్లౌడ్‌లోకి ఎక్కిస్తుంటే మీ మాటల ప్యాకెట్లు ఆ క్యూలో వెనక నిలబడాల్సి వస్తుంది. మీకు అవతలివాళ్ల మాట బాగానే వినిపిస్తుంది, మీ మాట మాత్రం వాళ్లకు ముక్కలు ముక్కలుగా వెళ్తుంది. కొన్ని రూటర్లలో మాటకు ముందు దారి ఇచ్చే క్యూఓఎస్ సెట్టింగ్ ఉంటుంది, దాన్ని ఆన్ చేసుకోండి.

హాస్టల్, ఆఫీస్ వైఫైలో నెట్ బాగానే వస్తూ వైఫై కాలింగ్ మాత్రం పనిచేయదా? చాలాసార్లు కారణం అక్కడి ఫైర్‌వాల్. ఆ సొరంగం కట్టడానికి ఫోన్‌కు యూడీపీ 500, 4500 అనే రెండు పోర్టులు కావాలి. నెట్ చూసుకునే అతనికి ఈ రెండు నంబర్లు చెప్పి తెరవమనండి, అర్థమైపోతుంది. ఫోన్‌లో వీపీఎన్ ఆన్‌లో ఉన్నా ఇదే సమస్య వస్తుంది.

ఇక అన్నిటికంటే పెద్ద సమస్య కరెంటు. కరెంటు పోయిందంటే రూటర్ పోయింది, రూటర్ పోతే ఫోన్ పోయింది. గాలివాన వచ్చి కరెంటు పోయిన రాత్రే ఫోన్ అవసరం ఎక్కువ. రూటర్‌కు పెట్టే చిన్న 12 వోల్టుల యూపీఎస్‌లు మార్కెట్‌లో దొరుకుతున్నాయి. ఫైబర్ కనెక్షన్ అయితే ఓఎన్‌టీ డబ్బా, రూటర్ రెండూ వేర్వేరుగా ఉంటాయి కొన్ని ఇళ్లలో, రెండింటికీ బ్యాకప్ కావాలి. అయినా గ్యారంటీ లేదు. మీ వీధి స్తంభం మీది డబ్బాలో కరెంటు లేకపోతే మీ యూపీఎస్ ఏం చేస్తుంది పాపం.

ఓటీపీలు వస్తాయా? 112కి వెళ్తుందా?

ఓటీపీ సంగతి ముఖ్యం. సిగ్నల్ లేని గదిలో కూర్చుని యూపీఐ రిజిస్ట్రేషన్ చేస్తుంటే ఓటీపీ రాక టైమ్ అయిపోతుంది. సిమ్ కంపెనీ వైఫై మీద ఎస్ఎంఎస్ కూడా ఇస్తే ఓటీపీ వస్తుంది. బీఎస్ఎన్ఎల్ తన ప్రకటనలో కాల్స్‌తో పాటు మెసేజ్‌లను కూడా చెప్పింది. మీ నంబర్‌కు వస్తుందో లేదో పైన చెప్పిన ఫ్లైట్ మోడ్ టెస్ట్‌లోనే ఇంకో ఫోన్ నుంచి ఎస్ఎంఎస్ పంపించుకుని చూసుకోండి. అర్జంట్ అయినప్పుడు కాకుండా ఖాళీగా ఉన్నప్పుడే చూసుకోవడం మంచిది.

112, 108 విషయంలో జాగ్రత్త. టవర్ మీద వెళ్లిన ఎమర్జెన్సీ కాల్‌కు మీరు ఏ టవర్ కింద ఉన్నారో తెలుస్తుంది. వైఫై కాల్‌కు ఆ టవర్ లేదు. అత్వెల్లి అడ్రస్ ఒకటి చెబితే, నెట్ కంపెనీ సర్వర్ అడ్రస్ ఇంకెక్కడో కనిపించొచ్చు. ట్రాయ్ కూడా 2017 సిఫార్సుల్లో ఇంటర్నెట్ కాల్స్‌కు ఎమర్జెన్సీ సౌకర్యాన్ని తప్పనిసరి చేయలేదు, ఈ పరిమితిని కస్టమర్లకు ముందే చెప్పాలని మాత్రం అంది. ఎంతమందికి చెప్పారో మీకే తెలియాలి. కాబట్టి ఎమర్జెన్సీలో బయటికి రాగలిగితే బయటికొచ్చి సిగ్నల్ మీదే చేయండి, ఫ్లైట్ మోడ్ తీసేయండి. రాలేని పరిస్థితి అయితే వైఫై మీదే ట్రై చేసి, కాల్ కలవగానే ముందు ఊరు, మండలం, దగ్గర్లో ఉన్న గుర్తు చెప్పండి. "మేడ్చల్ దగ్గర" అంటే సరిపోదు. హైవేకి ఏ వైపు, ఏ షెడ్డు, గేటు రంగు.. ఇలా చెప్పాలి. ఇంట్లో పెద్దవాళ్లు ఒంటరిగా ఉంటే ఈ అడ్రస్‌ను ఒక కాగితం మీద రాసి ఫోన్ పెట్టేచోట అంటించండి.

సిమ్ లేని ఫోన్లు కూడా ఉన్నాయి

ఫ్యాక్టరీల్లో, పెద్ద గోడౌన్లలో, కార్పొరేట్ ఆసుపత్రుల్లో కొందరు సిబ్బంది చేతిలో ఒక మొరటు హ్యాండ్‌సెట్ కనిపిస్తుంది. సెల్‌ఫోన్‌లాగే ఉంటుంది కానీ సిమ్ ఉండదు. అది కంపెనీ వైఫై మీద మాత్రమే పనిచేసే ఫోన్. నాలుగంకెల ఎక్స్‌టెన్షన్ నొక్కితే లోపల ఎవరికైనా వెళ్తుంది. ఇలాంటివి 2000ల మొదటి నుంచే ఉన్నాయి, సిస్కో 7920 లాంటి మోడళ్లు అప్పటివే. షామీర్‌పేట వైపు జీనోమ్ వ్యాలీలో ఉండేలాంటి ల్యాబ్‌లకు, ఇనుప ర్యాకులతో నిండిన గోడౌన్లకు ఇవి సరిగ్గా సరిపోతాయి.

వీటిలో ఇబ్బంది ఏంటంటే నడక. ఇంట్లో ఒకటే రూటర్. గోడౌన్‌లో పదుల సంఖ్యలో యాక్సెస్ పాయింట్లు. మాట్లాడుతూ నడిచే మనిషిని ఒకటి వదిలి ఇంకోటి అందుకోవాలి. ఆ మార్పు ఆలస్యమైతే మాటలో గండి పడుతుంది. ఈ మార్పును వేగం చేయడానికి 802.11ఆర్ అనే ప్రమాణం 2008లో వచ్చింది. మాటకు ముందు దారి ఇచ్చే 802.11ఈ అంతకంటే మూడేళ్ల ముందే వచ్చింది. గోడౌన్‌లో వైఫై పెట్టించేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే కాంట్రాక్టర్‌ను ఒక్క మాట అడగండి.. నడిచే దారి పొడవునా సిగ్నల్ మైనస్ 67 డీబీఎం కంటే తగ్గకుండా ఉంటుందా అని. మాటకు ఇంజినీర్లు పెట్టుకునే కొలత అది. లాప్‌టాప్‌లో మెయిల్ ఓపెన్ అయిందని చూపించి బిల్లు పెట్టేస్తే ఒప్పుకోవద్దు.

మీకు తెలిసిన నంబర్.. నిజంగా వాళ్లదేనా?

ఇంటర్నెట్ కాల్స్‌తో ఒక చెడు కూడా వచ్చింది. విదేశం నుంచి నెట్ మీద వచ్చే కాల్‌ను ఇక్కడ సిమ్ బాక్స్ అనే మెషీన్‌లో పెట్టిన లోకల్ సిమ్‌ల మీదికి మళ్లించే ముఠాలు హైదరాబాద్‌లోనూ ఎన్నోసార్లు పట్టుబడ్డాయి. అలా వచ్చిన కాల్ మీకు మామూలు ఇండియా నంబర్‌లాగే కనిపిస్తుంది. పోలీసులమంటూ, కొరియర్ అంటూ భయపెట్టే సైబర్ మోసగాళ్లకు ఇదే ఆయుధం. దుబాయ్‌లో ఉన్న మీవాళ్ల కాల్ అక్కడి నంబర్‌తో కాకుండా తెలియని ఇండియా నంబర్‌తో వస్తే అనుమానించండి. టెలికాం శాఖ 2024 మార్చిలో సంచార్ సాథీ పోర్టల్‌లో తెచ్చిన "చక్షు"లో ఇలాంటి కాల్స్‌పై ఫిర్యాదు చేయొచ్చు. డబ్బు పోతే మాత్రం ఆలోచించకుండా వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

వైఫై కాలింగ్‌కూ ఈ మోసాలకూ సంబంధం లేదు. మీ సిమ్‌తో వెరిఫై అయ్యే కాల్ కాబట్టి అది మామూలు కాల్ అంత సేఫ్. రెండింటినీ కలిపి భయపడి ఆప్షన్ ఆఫ్ చేసుకోవద్దు.

గల్ఫ్‌లో ఉన్నవాళ్ల సంగతి వేరు

జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల, కరీంనగర్ నుంచి గల్ఫ్ వెళ్లినవాళ్ల ఇళ్లలో ఫోన్ అంటే వైఫై ఫోనే. క్యాంపు రూమ్‌లో నెట్ ఉంటే ఇంటికి మాట, లేకపోతే లేదు. కానీ దేశానికో రూల్. సౌదీ అరేబియా 2017 సెప్టెంబర్‌లో ఇంటర్నెట్ కాల్స్‌పై నిషేధం ఎత్తేసింది. యూఏఈలో మాత్రం వాట్సాప్ వాయిస్, వీడియో కాల్స్ బ్లాక్‌లోనే ఉన్నాయి. వాట్సాప్ మెసేజ్ వెళ్తుంది, వాయిస్ నోట్ వెళ్తుంది, కాల్ వెళ్లదు. అందుకే అక్కడ బోటిమ్ లాంటి అనుమతి ఉన్న యాప్‌లు వాడతారు. కరోనా టైమ్‌లో, 2020లో, ఆఫీస్ మీటింగ్‌లకు వాడే కొన్ని యాప్‌లకు తాత్కాలికంగా ఓకే చెప్పారు.

"అన్నా, వీపీఎన్ వేసుకో, వాట్సాప్ కాల్ వస్తది" అని రూమ్‌మేట్ చెప్పే సలహా ఉంది చూశారా, అది చాలా ఖరీదైనది. వీపీఎన్‌తో నిషేధాన్ని దాటడం యూఏఈ సైబర్ చట్టం ప్రకారం నేరం. జరిమానా 5 లక్షల దిర్హామ్‌ల నుంచి మొదలై 20 లక్షల దాకా ఉంటుంది. నెలకు వెయ్యి, పదిహేను వందల దిర్హామ్‌లు వచ్చే కార్మికుడు జీవితకాలం పనిచేసినా తీరదు.

ఇండియా సిమ్ వెంట తీసుకెళ్లేవాళ్లు ఇంకోటి గమనించాలి. ఇక్కడ ఉచితంగా వెళ్లే వైఫై కాల్, విదేశంలో రోమింగ్ లెక్కలోకి వెళ్లే అవకాశం ఉంది. కంపెనీ, ప్యాక్, దేశం బట్టి మారుతుంది. కాబట్టి శంషాబాద్‌లో ఫ్లైట్ ఎక్కే ముందే మీ సిమ్ కంపెనీని రెండు ప్రశ్నలు అడగండి. ఆ దేశంలో ఈ సిమ్‌కు వైఫై కాలింగ్ పనిచేస్తుందా? పనిచేస్తే నిమిషానికి ఎంత? జవాబును మెసేజ్‌లోనో, మెయిల్‌లోనో తీసుకుని దాచుకోండి. అక్కడికెళ్లాక కస్టమర్ కేర్‌కు ఫోన్ చేయాలన్నా మళ్లీ అదే రోమింగ్ బిల్లు!